మొదటి పది నిమిషాలకు ముందే

దేవనహళ్ళి కోట గోడ ఇవాళ్టికీ దిట్టంగానే ఉంది. పన్నెండు బురుజులు, లోపల గుళ్ళు, ఇళ్ళు, జనం. 1501లో ఆవతి వంశపు మల్లభైరేగౌడ మట్టితో కట్టించాడని చెప్తారు. తర్వాత హైదరాలీ, టిప్పుల కాలంలో అది రాతికోట అయింది. టిప్పు పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఇంకా మట్టిగోడగా ఉన్నప్పుడే 1749లో మైసూరు దళవాయి నంజరాజయ్య ముట్టడించి కోటను పట్టుకున్నాడు. హైదరాలీ అనే యువ సైనికుడి పేరు మొదటిసారి పైవాళ్ళ చెవిన పడింది ఆ ముట్టడిలోనే. రాతిగోడ లేచాక కూడా 1791లో ఇంగ్లీషువాళ్ళ కార్న్‌వాలిస్ సేనలు వచ్చి మళ్ళీ పట్టుకున్నాయి. గోడను తప్పు పట్టి లాభం లేదు. అది వచ్చినవాణ్ణి కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లో లోపలివాళ్ళు ఏం చేస్తారో చెప్పే శక్తి దానికి లేదు.

2008 మే 24న బెంగళూరు విమానాశ్రయం ఇక్కడ తెరుచుకున్నాక ఈ ఊరి చుట్టూ కొత్త కోటలు లేస్తున్నాయి. విల్లాలు, టవర్లు, ఎత్తు ప్రహరీలు, గేటు దగ్గర రిజిస్టరు, మూలమూలకూ కెమెరా. వాటిలో ఉండేవాళ్ళలో తెలుగువాళ్ళకేం కొదవ లేదు. అనంతపురం, హిందూపురం, కర్నూలు, గుంటూరు, హైదరాబాదు, అన్ని ఊళ్ళ తెలుగూ లిఫ్టులో వినిపిస్తుంది. ఈ నేలమీదే పుట్టి, బయట కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు సరేసరి. బ్రోషర్లో మూడంచెల భద్రత అని రాసి ఉంటుంది. ఇల్లు కొన్న సంతోషంలో మనం దాన్ని నమ్మేస్తాం.

మనకు రెండు రకాల భయాలున్నాయి. ఒకటి దొంగభయం. రెండోది వరద, అగ్ని, భూకంపం లాంటి ఉపద్రవం. మొదటిదానికి తాళం, రెండోదానికి దేవుడు అని పంచి పెట్టుకున్నాం. కానీ రెండూ మన మీద పడే తీరు ఒకటే. రెండింటిలోనూ మొదటి పది నిమిషాలే చాలా వరకు తేల్చేస్తాయి. ఆ పది నిమిషాల్లో బుర్ర కొత్తగా ఆలోచించదు. ముందే తేల్చిపెట్టుకున్నదేమన్నా ఉంటే అది చేస్తుంది, లేకపోతే ఎదుటివాడు చెప్పింది చేస్తుంది, అదీ లేకపోతే నిలబడిపోతుంది. 1816లో పిండారీలు గుంటూరు సీమ దాకా వచ్చి దోచుకుపోయిన రోజులు తలుచుకోండి. ఆ కాలపు ఊళ్ళో బురుజు కట్టుకుంటే పని అయిపోదు. నగారా మోగితే పైకి ఎవరెక్కాలి, ముసలివాళ్ళూ పిల్లలూ ఎటు పోవాలి, గొడ్లను ఎవరు విప్పాలి అన్నది ముందే తేల్చుకోక తప్పేది కాదు. మనం బురుజు కొనుక్కుని ఆ రెండో పని మరిచిపోయాం. ఈ అధ్యాయం ఆ రెండో పని గురించి.

ఫోను మోగినప్పుడు

ఇలా అనుకోండి. పొద్దున పదకొండు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి. అనంతపురం నుంచి వచ్చి ఉంటున్న పెద్దాయన ఫ్లాట్‌లో ఒక్కడే. ఫోను మోగింది. మీ పేరు మీద విదేశాలకు వెళ్ళే పార్శిల్ పట్టుబడింది, అందులో మత్తుమందులున్నాయి అంటాడు అవతలివాడు. నాకే సంబంధమూ లేదంటే, సరే, ముంబయి పోలీసులకు కలుపుతాను, మీరే చెప్పుకోండి అంటాడు. వీడియోలో యూనిఫాం, వెనక జెండా, గోడ మీద ముద్ర. ఆధార్ నంబరు అంకె తప్పకుండా చదువుతాడు. ఇక్కడి దాకా అంతా నాటకానికి రంగస్థలం అమర్చడమే. అసలు మాట తర్వాత వస్తుంది: "ఈ విషయం ఎవరికీ చెప్పకూడదు. మీ అబ్బాయికి కూడా. చెప్తే ఆయన్నీ కేసులో చేర్చాల్సి వస్తుంది."

దొంగ మొదట లాక్కునేది డబ్బును కాదని ఇక్కడ గమనించండి. పక్కనున్న మనిషిని లాక్కుంటాడు. మనిషి ఒంటరయ్యాక డబ్బు దానంతట అదే వస్తుంది.

చదువుకున్నవాళ్ళు ఇలాంటివి నమ్మరని ఎవరైనా అంటే వాళ్ళకు బెంగళూరు ఇందిరానగర్ ఉదంతం చెప్పండి. అక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒకరు ఇలాంటి పార్శిల్ ఫోనుతో మొదలుపెట్టి నెలల తరబడి 187 విడతల్లో దాదాపు ₹32 కోట్లు పోగొట్టుకున్నట్టు 2025 నవంబరులో బయటపడింది. ఒక్కరోజు మోసం కాదిది. నెలల తరబడి రోజూ తెల్లారుతోంది, రోజూ భయం అలాగే ఉంది. తెలివి లేక ఇలా జరగదు. మంచి పేరు పోతుందన్న భయం తెలివిని పక్కకు తోస్తుంది. చెప్పాలంటే, పేరు గురించి బెంగ ఎక్కువున్నవాళ్ళే ఈ వలలో ఎక్కువ సేపు ఉంటారని నా అనుమానం.

మన పెద్దవాళ్ళతో ఇంకో చిక్కుంది. పోలీసుల ఫోను పెట్టేయడం వాళ్ళకు పెద్ద తప్పు కింద లెక్క. "ఖాకీ వాళ్ళతో పేచీ మనకెందుకు నాయనా" అంటారు. కాబట్టి జాగ్రత్తగా ఉండు అని చెప్తే చాలదు. పెట్టేయడానికి అనుమతి ఇవ్వాలి, దానికి చట్టం అండ ఉందని చూపాలి. ఈ మోసగాళ్ళు చెప్పే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ చెప్తోంది. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి కాపలా కాసే అధికారం ఏ పోలీసుకూ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్'లో ఈ మాటే చెప్పారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మోసాలను తనంత తానుగా విచారణకు తీసుకుని, డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఇవన్నీ మీ నాన్నగారికి భోజనాల దగ్గర చెప్పండి. ఫార్వర్డ్ మెసేజ్ పంపి చేతులు దులుపుకోకండి.

ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఒక్క తీర్మానం చేసుకోండి. ఫోన్‌లో ఎవరు డబ్బు మాట ఎత్తినా, ఎవరికీ చెప్పొద్దు అన్నా, పెట్టేస్తాం. పెట్టేసి ఇంట్లో ఒకరికి చెప్తాం. నిజంగా పోలీసులే అయితే మనమే స్టేషన్ నంబరు వెతుక్కుని చేస్తాం, వాళ్ళిచ్చిన నంబరుకు చేయం. ఈ ఆఖరి ముక్క యూనిఫాం వేసుకుని ఎదురుగా వచ్చినవాడికీ వర్తిస్తుంది. 2025 నవంబరు 19న బెంగళూరులో పట్టపగలు, రిజర్వ్ బ్యాంకు అధికారులమని చెప్పి నగదు వ్యాన్ ఆపి ₹7 కోట్లకు పైగా ఎత్తుకుపోయారు. డబ్బు కాయడమే ఉద్యోగమైనవాళ్ళు కూడా ఆ మాటకు బండి ఆపారు. మన పెద్దాయన ఆగిపోతే ఆశ్చర్యమేముంది?

డబ్బు వెళ్ళిపోయిందనుకోండి. అప్పుడు గడియారం మనకు శత్రువు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను, ఆ వెనకే బ్యాంకుకు ఫోను, ఆ తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతాలో ఉంచడు. అద్దె ఖాతాల్లో చకచకా తిప్పేస్తాడు. మధ్యలో ఎక్కడ బ్యాంకు ఆపగలిగితే అక్కడ మిగులుతుంది. రిజర్వ్ బ్యాంకు 2017 నాటి నియమం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యవాడి వల్ల ఖాతాలో డబ్బు పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకూ పోయింది మన ఖాతాలో, ఆ తర్వాత పోయింది బ్యాంకు ఖాతాలో. ఇంట్లో మొదటి గంట తిట్లతో గడిస్తే ఆ గంట ఖరీదు లక్షల్లో ఉండవచ్చు. తిట్టాలనుకుంటే 1930 పని అయ్యాక తీరిగ్గా తిట్టుకోండి.

కాగితాల దొంగలు

దేవనహళ్ళిలో తాళం పగలగొట్టే దొంగకన్నా కాగితం పుట్టించే దొంగ ప్రమాదం. ఈ ఊరి నేల ధర పెరిగిన వేగమే దానికి కారణం. డాలస్‌లోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేస్తూ ఇక్కడ సైటు కొని, ఏళ్ళ తరబడి తిరిగి చూడనివాళ్ళు మన తెలుగువాళ్ళలో బోలెడుమంది. ఖాళీ సైటు, దూరాన యజమాని, పెరిగే ధర: ఈ మూడూ కలిస్తే మోసగాడికి పండగే.

తీసుకునే జాగ్రత్తలు మాత్రం గొప్పవేం కావు, విసుగు పుట్టించేవి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఆరునెలలకోసారి మీ ఆస్తి ఈసీ, అంటే లావాదేవీల పట్టిక, తీసుకోండి. మీకు తెలియని లావాదేవీ ఒక్క వరుస కనిపించినా అదే రోజు వకీలు దగ్గరికి పోండి. అప్పటికి అవతలివాడు గోడ కట్టి ఉండడు. పహణీ, ఖాతా మీ పేరునే ఉన్నాయా చూసుకోండి. పన్ను ఏటా కట్టి రసీదు దాచండి. చుట్టూ కంచె, ఒక బోర్డు, నెలకోసారి వెళ్ళి ఫోటో తీసి పంపే మనిషి. ఆ మనిషికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చే అలవాటు మాత్రం మానండి. పని ఏదో, గడువు ఎప్పటి దాకో రాసి, ఆ ఒక్క పనికే ఇవ్వండి. "మనోడే కదా" అన్న మాట మీద పోయినన్ని ఆస్తులు దొంగ సంతకాల మీద కూడా పోయి ఉండవు.

కొనేముందు మూల దస్తావేజు, 30 ఏళ్ళ ఈసీ, భూమి మార్పిడి ఉత్తర్వు, విమానాశ్రయ ప్రాంత ప్రణాళికా ప్రాధికారం ఇచ్చిన లేఅవుట్ అనుమతి చూడమని ఎవరైనా చెప్తారు. చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటుంది: ఈ భూమి ఎప్పుడైనా దళిత, గిరిజన కుటుంబానికి ప్రభుత్వం మంజూరు చేసినదా? కర్ణాటకలో 1978 నాటి పీటీసీఎల్ చట్టం ఉంది. అలాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకమే చెల్లదు. భూమి మొదటి కుటుంబానికి తిరిగి వెళ్ళిపోవచ్చు, వెళ్ళాలి కూడా. ఆ చట్టం పేదవాడి నేలను కాపాడటానికి పుట్టింది. మధ్యవర్తి ఆ సంగతి దాచి మీకు అంటగడితే, మోసపోయినవాళ్ళు ఇద్దరు: ఆ కుటుంబం, మీరు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఇంకో దారీ తెరుచుకుంటుంది. 2023లో బెంగళూరులో చాలామంది ఖాతాల నుంచి, ఓటీపీ కూడా రాకుండా, ఆధార్ వేలిముద్రతో డబ్బు పోయింది. ఆస్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు కాపీ చేశారని పోలీసుల దర్యాప్తులో తేలింది. అంతకు ముందే 2018లో పెద్దపల్లిలో ఒకడు భూమి పత్రాల మీది ముద్రలను నకలు తీసి సిమ్ కార్డులు చేయించి పట్టుబడ్డాడు. మందు చిన్నదే. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి, అవసరమైనప్పుడు తీసి మళ్ళీ వేయండి. ఈ పుట మడిచిపెట్టి ఇప్పుడే చేసేయగలిగిన పని ఇదొక్కటే, చేసేయండి.

ఇంటి తాళం సంగతి రెండు మాటల్లో. ఊరెళ్తే పక్కింటివాళ్ళకూ స్టేషన్‌కూ చెప్పి వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో అడిగితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి నిఘా ఉంచే ఏర్పాటుంది. తిరుమల ఫోటోలు కొండ దిగి ఇంటికి చేరాక పెట్టుకోవచ్చు, స్వామి ఏమీ అనుకోడు. బంగారం లాకర్లో పెట్టేవాళ్ళు ఒక నియమం తెలుసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, కట్టడం కూలడం, ఉద్యోగి మోసం వల్ల లాకర్లో సొత్తు పోతే బ్యాంకు ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బాధ్యత వహిస్తుంది. వరద, భూకంపం లాంటి ప్రకృతి ఉపద్రవమైతే, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకూ, ఆ బాధ్యత లేదు. ₹3,000 అద్దె లాకరుకు ₹3 లక్షలు. లోపల ఎంతుందో మీరు లెక్కేసుకోండి. నగల ఫోటోలు, రసీదులు వేరే చోట ఉంచి, బీమా సంగతి ఆలోచించడం మేలు.

రాత్రి బస్సు

పండక్కి ఊరెళ్ళే ప్రతి తెలుగువాడూ దేవనహళ్ళి పక్కనున్న 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. ఆ దారిలో రెండు తేదీలు గుర్తుండాలి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్దుకుని అంటుకుంది. 45 మంది కాలిపోయారు. పన్నెండేళ్ళ తర్వాత, 2025 అక్టోబరు 24న, మళ్ళీ అదే తెల్లవారుజామున, హైదరాబాదు నుంచి బెంగళూరు వస్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను ఈడ్చుకుపోయి అంటుకుంది. 19 మంది ప్రయాణికులు పోయారు. బతికినవాళ్ళలో చాలామంది కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్ళే.

బస్సు కంపెనీలూ, రవాణా శాఖలూ చేయాల్సింది చాలా ఉంది. అవి చేసే దాకా మన సీటు మనమే చూసుకోవాలి. విమానంలో ఎయిర్‌హోస్టెస్ నిలబడి తలుపులు చూపిస్తుంది, మనం ఫోను చూసుకుంటాం. బస్సులో చూపించేవాళ్ళే లేరు. కాబట్టి బస్సు ఎక్కగానే రెండు నిమిషాలు ఈ పని పెట్టుకోండి. దుప్పటి కప్పుకునే ముందు అత్యవసర తలుపు ఎక్కడుందో చూడండి, దాని ముందు సామాను పేర్చారేమో చూడండి. వెనక అద్దం, పైకప్పు తలుపు ఉన్నాయా చూడండి. మీ బెర్తు నుంచి తలుపు దాకా మధ్యలో ఎన్ని కడ్డీలు తగులుతాయో చేత్తో తడుముతూ ఒకసారి నడవండి. పొగ కమ్మాక కళ్ళు పనిచేయవు, చేయి లెక్క మాత్రం గుర్తుంచుకుంటుంది. సుత్తి దాని చోట లేకపోతే క్లీనర్‌ని అడగండి: "అన్నా, అద్దం పగలగొట్టే సుత్తి ఏదీ?" నలుగురికీ వినపడేలా అడగండి. నలుగురు విన్నారంటే నలుగురూ వెతుకుతారు. నవ్వితే నవ్వనివ్వండి.

అద్దాన్ని ఎక్కడ కొట్టాలో కూడా తెలిసి ఉండాలి. ఏసీ బస్సు పక్క అద్దాలు సాధారణంగా టెంపర్డ్ గాజువి. నట్టనడుమ బాదితే స్ప్రింగులా వంగి దెబ్బను మింగేస్తుంది. మూలకు దగ్గరగా మొనతేలిన దానితో కొడితే అద్దమంతా ఒక్కసారిగా చిన్నచిన్న గుళికలుగా రాలుతుంది. ముందరి పెద్ద అద్దం అలా రాలదు, దాని జోలికి పోవద్దు. చిన్న మొనసుత్తి ఒకటి సంచిలో ఉంచుకుంటే పోయేదేమీ లేదు. కాకపోతే విమానమెక్కే రోజు చేతిసంచిలోంచి తీసేయండి, భద్రతా తనిఖీలో దానికి కథ చెప్పుకోవాల్సి వస్తుంది.

చెప్పులు, కళ్ళద్దాలు, ఫోను తలగడ పక్కన ఒకేచోట ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాగు వదిలేయాలి. ఈ ఆఖరిది ముందే తీర్మానించుకోకపోతే ఆ నిమిషంలో వదలలేరు. చేయి దానంతట అదే బ్యాగు మీదికి పోతుంది, వెనకున్నవాళ్ళ దారి మూసుకుంటుంది. "నిప్పంటుకుంటే బ్యాగు వదిలేస్తాం" అని పిల్లలతో బస్సెక్కే ముందు పైకి అనిపించండి. దిగాక బస్సుకు దూరంగా, రోడ్డుకూ దూరంగా, రెయిలింగు అవతలకి పోయి 112కు ఫోను చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఎత్తు మీద వరద

"మనది ఎత్తు ప్రాంతం, నది లేదు, సముద్రం లేదు, మనకేం వరద?" అని ఇక్కడ తరచూ వింటాం. ఎత్తు నిజమే. అర్కావతి, దక్షిణ పినాకిని పుట్టేది మన ఎదుటి నంది కొండల్లోనే. కానీ ఒక్క 2021లో ఏం జరిగిందో చూడండి. ఆగస్టులో వానకు నంది కొండ చరియ విరిగి దారి తెగింది. అక్టోబరు 11 రాత్రి విమానాశ్రయం ముందు నీళ్ళు నిలిచి, ప్రయాణికులు సూట్‌కేసులతో ట్రాక్టర్లెక్కారు. డిసెంబరులో చిక్కబళ్ళాపురం వైపు భూమి చిన్నగా రెండుసార్లు కదిలింది. ఎవరికీ పెద్దగా ఏం కాలేదు, అందరూ మరిచిపోయారు.

ఈ పీఠభూమి మీద నీళ్ళకు చెరువే దారి. ఒక చెరువు నిండితే కాలువ గుండా కింది చెరువుకు పోతాయి. మధ్యలో కాలువను లేఅవుట్ మింగేస్తే నీళ్ళు లేఅవుట్‌లోకి వస్తాయి. ఇల్లు కొనేవాళ్ళు పాత గ్రామ నక్షా తెప్పించుకుని చెరువు, కాలువ గీతలు ఎక్కడున్నాయో చూడాలి. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు సంఘం సమావేశంలో ఒక్క ప్రశ్న వేయాలి: జనరేటరూ, కరెంటు ప్యానెళ్ళూ, నీటి మోటార్లూ సెల్లార్‌లో ఉన్నాయా? ఉంటే నీళ్ళొచ్చిన మొదటి గంటలోనే లిఫ్టు, దీపాలు, తాగునీరు మూడూ పోతాయి.

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ మీద బుడమేరు వరద పడినప్పుడు జరిగింది అలాంటిదే. పై అంతస్తుల్లోవాళ్ళకు ప్రాణభయం లేదు, కానీ రోజుల తరబడి చుట్టూ నీళ్ళే, తాగడానికి నీళ్ళు లేవు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. డ్రోన్లు తిండిపొట్లాలు మోసుకొచ్చాయి. పడవ వస్తుందని చూస్తూ కూర్చున్నవాళ్ళకు ఏం కావాలనిపించి ఉంటుందో దాన్నిబట్టి మీ సంచి సర్దుకోండి. మూడు రోజుల తాగునీరు, బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా, టార్చి, నింపిన పవర్ బ్యాంకు, చిన్న నోట్లలో నగదు. టవర్ పోతే ఫోన్‌పే కూడా పోతుంది. దస్తావేజులు జిప్ కవర్లో పై అటకమీద. కింద మునిగిన కారునూ బండినీ నీళ్ళు తీశాక ఆత్రంగా స్టార్ట్ చేయొద్దు. నీళ్ళు చేరిన ఇంజన్ తిరిగితే పగిలేది అప్పుడే. తోయించుకుని మెకానిక్ దగ్గరికి పోండి. బీమా పాలసీలో ఇంజన్ రక్షణ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

హెచ్చరిక విలువ తెలియాలంటే దివిసీమను అడగాలి. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్ళను తుడిచిపెట్టేసింది, వేలాదిమంది పోయారు, సుమారు పది వేలన్నది సర్కారు లెక్క. 1990 మేలో మళ్ళీ అలాంటి భీకరమైన తుఫానే కృష్ణా, గుంటూరు తీరాన్ని కొట్టింది. ఈసారి ముందే కబురు అంది, లక్షలాదిమందిని లోపలికి తరలించారు, తుఫాను షెల్టర్లు ఉన్నాయి. ప్రాణనష్టం వెయ్యికి దరిదాపుల్లో ఆగింది. అదీ తక్కువేం కాదు. గాలి తగ్గలేదు, జనం ముందే కదిలారు, అదే తేడా. ఇప్పుడు ఆ కబురు నేరుగా మన జేబులోకే వస్తోంది. 2023 అక్టోబరు 12న కర్ణాటకలో ఫోన్లన్నీ గీపెట్టి హెచ్చరిక చూపించాయి గుర్తుందా, అది పరీక్ష. చిరాకేసి ఆ సెట్టింగ్ తీసేసి ఉంటే మళ్ళీ పెట్టండి. సచేత్ యాప్‌లో విపత్తు హెచ్చరికలు, దామినిలో పిడుగు సమాచారం వస్తాయి. పొలం పనికి పోయే అన్నల ఫోన్లలో దామిని వేసి ఇవ్వడం ఈ చుట్టుపక్కల ఎవరైనా చేయగల పని.

ఎవరెక్కడ

2011 మార్చి 11న జపాన్ కమాయిషి పట్నంలో భూమి కంపించగానే బడిపిల్లలు ఎవరి ఉత్తర్వు కోసమూ చూడకుండా సునామీకి అందని ఎత్తుకు పరుగెత్తారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేయి పట్టుకుని లాక్కుపోయారు. అక్కడి బడుల్లోని దాదాపు 3,000 మంది బతికారు. ఎవరి దారిన వాళ్ళు పరుగెత్తాలి, మిగతావాళ్ళు కూడా పరుగెత్తే ఉంటారని నమ్మాలి అన్నది వాళ్ళకు ముందే నేర్పారు. మన ఇళ్ళలో దీనికి పూర్తిగా తలకిందులు. అమ్మ పిల్లాడి కోసం బడికి, నాన్న అమ్మ కోసం ఇంటికి, తాత నాన్న కోసం గేటుకు.

కాబట్టి రెండు చోట్లు అనుకోండి. ఒకటి భవనం బయట, రెండోది మన పేటకు దూరంగా. ఊరికి దూరంగా ఉండే చుట్టం ఒకరిని కబురు కేంద్రంగా పెట్టుకోండి, కర్నూల్లో మేనత్త అనుకోండి. స్థానిక ఫోన్లన్నీ ఒకేసారి మోగుతూ కలవనప్పుడు కూడా అత్తకు ఒక ఎస్సెమ్మెస్ చేరే అవకాశం ఎక్కువ. ఎవరు ఎక్కడున్నారో ఆవిడ దగ్గర తెలుస్తుంది. ఆ నంబరు పిల్లలకు నోటికి రావాలి. ఫోను చచ్చిపోతే కాంటాక్ట్ లిస్టు కూడా చచ్చిపోతుంది.

ఇరుగుపొరుగు సంగతి చాలామంది మర్యాద కింద చూస్తారు, నేను రక్షణ ఏర్పాటు కింద చూస్తాను. 1995 జనవరిలో కోబె భూకంపంలో శిథిలాల కింది నుంచి బయటపడ్డవాళ్ళలో ఎక్కువమందిని లాగింది పక్కింటివాళ్ళూ ఇంటివాళ్ళే. కెమెరా దొంగను ఫోటో తీస్తుంది. ఎదురింటి అక్క అయితే "ఎవరయ్యా నువ్వు, ఎవరింటికి?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు తలుపు ముందున్నవాడు మెట్లు దిగిపోతాడు. గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి పేరు తెలియనివాళ్ళు మీ అంతస్తులో ఎంతమందో చూడండి. రాత్రి రెండింటికి పొగ మొదట చూసేది అతనే. మీ ఇంట్లో నడవలేని పెద్దావిడ ఉందన్న సంగతి అతనికి ముందే తెలిసి ఉండాలి.

ఇవన్నీ ఒక ఆదివారం కూర్చుని తెల్లకాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఉగాదికీ దసరాకీ మాత్రల తేదీలు, నంబర్లు, పవర్ బ్యాంకు సరిచూసుకోండి. నెలకోసారి ఇంట్లో ఒకరు ఇంకొకరికి దొంగ ఫోను చేసే ఆట పెట్టుకోండి. మనవళ్ళకు ఈ ఆట భలే ఇష్టం. గొంతు మార్చి నానమ్మకు ఫోను చేసి "మేము ముంబయి కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం" అంటాడు వాడు. మొదట్లో ఆవిడ తడబడుతుంది, పేరు చెప్తుంది, ఊరు చెప్తుంది. తడబడనివ్వండి, మళ్ళీ చేయండి. "కస్టమ్సో గిస్టమ్సో నాకు తెలీదప్పా, పొయ్యి మీద వంకాయ కూర మాడిపోతాంది" అని పెట్టేసి, వెంటనే కొడుక్కి ఫోను కొట్టిందంటే ఆ నెల ఆటలో నానమ్మ గెలిచినట్టు.